కడగని గింజలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరిని నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెప్పే అంకె ఒకటుండేది. తొంభై ఆరు. కిలో ఎర్ర చిక్కుడు గింజల్లో తొంభై ఆరు మిల్లీగ్రాముల ఇనుము. ఆ గింజలు మా పొలంలోవి. పరీక్ష చేసిందీ నేనే, అంకె రాసిందీ నేనే. తప్పు చేసిందీ నేనే.

నేను పనిచేసేది పంటల పరీక్షా కేంద్రంలో. పేరు వినడానికి పెద్దగా ఉంటుంది గానీ రెండు గదులూ ఒక వరండా, అంతే. మొదటి గదిలో గింజలు కడిగి, ఆరబెట్టి, పిండి పట్టాలి. రెండో గదిలో ఆ పిండిని యాసిడ్‌లో కరిగించి మెషీన్‌కి పెట్టాలి. కిటికీలు ఎప్పుడూ తెరవకూడదు. గాలితో పాటు దుమ్ము లోపలికొస్తే లెక్క తప్పుతుందని మా సార్ ఆజ్ఞ. ఫ్యాన్ కూడా వద్దంటాడు. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటే మూతపెట్టిన గిన్నెలో ఉడుకుతున్నట్టే ఉండేది.

సార్‌ని రైతులు వెనకాల ‘సున్నం సార్’ అంటారు. ఎవరి పంట ఎందుకు పాడైనా ఆయన వేలు ముందుగా నేలలోని సున్నం వైపే పోతుంది. ఆయన పాట ఒకటే. విత్తనం పేరు చూసి గింజకి బలం ఉందనకండి, అది పండిన నేల చూసి అనండి. ఒకే సంచిలో గింజలు రెండు పొలాల్లో వేస్తే, ఎర్రనేలలో పండినదానికున్న ఇనుము సున్నపు నేలలో పండినదానికి ఉండదు. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేరుకి అందనివ్వదు. నీళ్లు తగ్గితే ఇంకో తేడా, పూత మీద వేడి కొడితే మరో తేడా. ఈ మాటలు నేను ఎన్నిసార్లు విన్నానంటే, ఆయనకి జలుబు చేసిన రోజు ఆయన బదులు నేనే రైతులకి చెప్పాను.

మా పొలం అచ్చంగా సున్నపు నేల. ఎండితే తెల్లగా పొడిపొడిగా లేస్తుంది. అందుకే మా గింజల్లో తొంభై ఆరు కనబడేసరికి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఊరికి ఎగువనున్న ఎర్రనేలల్లోనే డెబ్భై దాటిన గింజ లేదు మరి. మళ్లీ పెట్టి చూడమన్నాడు. అదే డబ్బాలోంచి అదే పిండి తీసి మళ్లీ పెట్టాను. తొంభై అయిదు. సున్నపు నేలలో కూడా ఇనుము లాక్కునే విత్తనం దొరికిందని ఆయన ఆ సాయంత్రమే పై ఆఫీసుకి ఉత్తరం రాశాడు. నకలు ఒకటి గోడకి అంటించాడు.

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య మొహం చూడాలి! ఆరేళ్ల కాపురంలో ఆవిడ నన్ను పక్కింటివాళ్ల దగ్గర ‘ఆ ఉద్యోగం అమ్మాయి’ అనే అనేది. మర్నాటినుంచి ‘మా చిన్నకోడలు’ అయ్యాను. పరీక్షకి గింజలిచ్చింది ఆవిడే. సామాను గదిలో ఆవిడ జాడీల్లోంచి తీసి, మెత్తని బట్టతో ఒక్కో గుప్పెడూ తుడిచి, మెరిపించి మరీ ఇచ్చింది. గింజ నిలవ చేయడం ఆవిడ విద్య. పంట ఇంటికొచ్చాక పది రోజులు ఆ గది ఆవిడది. నేను పొద్దున్న పోయి సాయంత్రం వచ్చే మనిషిని; ఆవిడ లోపల ఏం చేస్తుందో నేనెప్పుడూ చూడలేదు, అడగనూ లేదు. వంట కూడా నా వంతుకి రాదు. ఆ పని మా అక్కది.

అక్క అంటే నా తోడికోడలు. బావగారి భార్య. తోడబుట్టినదానికన్నా ఎక్కువని అందరూ అనే మాటే గానీ, నా విషయంలో నిజం. నాకు కోపం ముక్కు మీదుంటుంది. నేను తిట్టి వచ్చిన ప్రతి ఇంటికీ వెనకాలే వెళ్లి సర్దిచెప్పి వచ్చేది అక్కే. పెళ్లయి తొమ్మిదేళ్లు. రెండుసార్లు కడుపు పోయింది. ఆ ఏడు మూడోసారి, మూడో నెల. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో నర్సమ్మ ఇనుము మాత్రలిచ్చింది. అవి వేసుకున్న గంటకి అక్క తిన్నదంతా కక్కేసేది.

ఒకరోజు నేను చెప్పులు వేసుకుంటుంటే గడప దగ్గరికొచ్చింది.

“ఏమే, మన గింజల్లో అంత ఇనుముందంటున్నారు కదా. ఈ మాత్రలు మానేయనా?”

నేను క్యాలెండర్ కాగితం చింపి దాని వెనక లెక్క కట్టాను. పొద్దునొక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. మాత్రలో మూడో వంతుకి వచ్చింది; కక్కేసే మాత్ర కన్నా కడుపులో నిలిచే మూడో వంతు మేలనుకున్నాను. తిండి తిండే, మాత్ర మాత్రే అనే సంగతి నాకు తెలియక కాదు. నా చేత్తో వచ్చిన అంకె కదా, దాని మీద మోజు.

“మానెయ్యక్కా” అన్నాను. “నేను చూసుకుంటాను కదా.”

ఆ కాగితం అక్క వంటింట్లో పొయ్యి పైన మేకుకి గుచ్చింది. వేసవంతా అక్కడే ఉంది.

విత్తనాలు వేసేనాటికి మా గింజల కోసం ఇరవై రెండు ఇళ్లవాళ్లు వచ్చారు. అత్తయ్య ఎవరికీ లేదనలేదు. జాడీల మూతలు తీసి చేటలతో కొలిచి పెట్టింది. పిల్లలకి రక్తం పడుతుందంట కదా అని వచ్చిన ఆడవాళ్లకి, పడకేం, మా పెద్దకోడల్ని చూడండి అని అక్కని చూపించేది. అక్క నవ్వేది. అప్పటికే పెదవులు తెల్లబడుతున్నాయి. ఎండకి వాడిందనుకున్నాం.

ఆ ఏడు ఎండ కూడా మామూలుగా లేదు. రావాల్సిన రెండు జల్లులూ రాలేదు. బోరు గంట పోస్తే రెండు గంటలు ఆగేది. బావగారు సాళ్లకి నీళ్లు వంతులు వేసి పెట్టేవాడు. మా ఆయన లారీ డ్రైవరు; వారానికోసారి వచ్చి, ఆ ఒక్కరోజూ అన్నకి సాయం పట్టి, అన్నం తింటూనే కునుకు తీసేవాడు. మూడో వారానికి మొక్కలు జానెడు లేచాయి. ఆకులు పచ్చగా ఉండాల్సింది పోయి పసుపుపచ్చగా వచ్చాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ.

అలాంటి ఆకు బొమ్మ మా వరండాలో గోడకి ఉంది. కింద సార్ చేత్తోనే రాసుంది: ఇనుము అందని మొక్క. రోజూ దాని పక్కనే గొడుగు తగిలిస్తాను.

బావగారు తక్కువ మాట్లాడే మనిషి. ఒక ఆకు తెంపి నా అన్నం కంచం పక్కన పెట్టాడు. “ఇనుము లాక్కునే విత్తనం కదమ్మా. మరి దానికే ఇనుము చాలట్లేదేంటి?” అన్నాడు. వెక్కిరింతగా కూడా కాదు, అడిగాడంతే. నాకు చర్రున కోపం వచ్చింది. వేడికి అలా అవుతుందని, మీకు తెలియకపోతే అడగడం మానేయండని ఏదో అనేశాను. అక్క వెనకాలే వచ్చి ఆయనకి మజ్జిగ పోసింది.

సార్‌ని పొలానికి తీసుకెళ్లాను. ఆయన ఆకు తిప్పి చూశాడు, మడిచి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చివరికి, వేడి ఎక్కువగా ఉందమ్మా, అన్నాడు. నాలుగేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. సున్నం అనకుండా ఆయన వేరే మాట అనడం అదే మొదటిసారి. ఆ రోజు నాకు భయం వేసింది. ఆయనకీ నాకులాగే ఆ అంకె కావాలి.

విత్తిన నలభై అయిదో రోజున కరెంటు పోయి, మెషీన్ ఆగి, నేను మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. అత్తయ్య పొలంలో ఉంది. సామాను గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది కాబట్టి పిల్లేమైనా దూరిందేమోనని తోశాను.

అక్క బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఉంది. ఒడిలో జాడీ మూత, మూత నిండా గింజలు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. నన్ను చూడగానే దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయింది. తర్వాత అరచేతిలోకి ఉమ్మింది. పచ్చి గింజలు, ఏడో ఎనిమిదో.

“పచ్చివి తింటున్నావా? కడుపులో పోటొస్తే?”

“తినట్లేదే. చప్పరిస్తున్నాను.” కళ్లనిండా నీళ్లు. “గింజ కోసం కాదు. మట్టి కోసం. తొలివాన పడ్డప్పుడు వాసన వస్తుందే, అదే రుచి. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోరూరిపోతుంది. నాకేమైనా పిచ్చి పట్టిందా? అత్తయ్యకి చెప్పకే.”

“గింజల మీద మట్టేంటి?”

అక్క నన్ను వింతగా చూసింది.

“పురుగు పట్టకుండా అత్తయ్య ఎర్రమట్టి పూసి ఆరబెట్టదూ? ఆరేళ్లయింది నువ్వొచ్చి. వండేముందు మూడు నీళ్లు పోసి కడిగేది ఎందుకనుకున్నావు?”

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. పొలానికొచ్చే కూలివాళ్లకీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

అక్క చేతిలోంచి, చప్పరించిన గింజ ఒకటి తీసుకున్నాను. నల్లగా నిగనిగలాడుతున్న ముదురు ఎరుపు. మూతలోంచి ఇంకో గింజ తీశాను. అదీ ఎరుపే, కాస్త మందంగా. ఎర్ర గింజ మీద ఎర్ర మట్టి. బట్టతో ఎంత తుడిచినా గింజ కంటి దగ్గర, మడతల్లో సన్నటి పొర ఉండనే ఉంది. కొంగుతో గట్టిగా రుద్దితే కొంగుకి ఇటుకరంగు మరక అంటింది. ఆ మట్టి పైనున్న ఎర్రనేలల నుంచి బుట్టలతో తెచ్చేది.

గింజల్ని కడగకుండా పిండి పట్టకూడదనేది మా ల్యాబ్‌లో మొదటి నియమం. డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, ఒక పూట ఆరబెట్టాలి. ఎవరి గింజలైనా అంతే. కానీ ఆ రోజు డబ్బా మూత తీస్తే అత్తయ్య మెరిపించిన గింజలు. మా ఇంటివి, శుభ్రంగానే ఉన్నాయి, ఒక పూట ఎందుకు పోగొట్టుకోవడం అనుకున్నాను. రైతులెవరివైనా అయితే కడిగేదాన్నే.

మర్నాడు ల్యాబ్‌లో సార్ లేడు. పై ఆఫీసుకి వెళ్లాడు, మా విత్తనం గురించే. జాడీలోంచి తెచ్చిన గింజల్ని మూడుసార్లు కాదు, అయిదుసార్లు కడిగాను. మొదటి నీళ్లు టీ రంగులో దిగాయి. ఆరబెట్టి, పిండి పట్టి, మెషీన్‌కి పెట్టాను. నలభై మూడు.

ఆ కాగితం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో, అడుగున పెట్టుకున్నాను. పదకొండు రోజులు అక్కడే ఉంది.

ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. ఏం చెప్పను? సార్‌కి చెబితే ఆయన ఉత్తరం ఆయన మెడకి చుట్టుకుంటుంది. అత్తయ్యకి చెబితే ఆవిడ చేటలతో పంచిన ఇరవై రెండు ఇళ్ల ముందూ తలొంచుకోవాలి. బావగారు అప్పటికే అరెకరం పశువుల మేత తీసేసి ఈ చిక్కుడు వేశాడు. నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటికన్నా ముందు ఇంకొకటి ఉంది: మాత్రలు మానెయ్యమన్నది నేను. ఆ మాట నోట్లోంచి వెనక్కి తీసుకోవడానికి సిగ్గు, భయం. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది నా పని.

ఆ పదకొండు రోజులూ ఇల్లు నాకు ల్యాబ్‌లాగే అయిపోయింది. అన్ని కిటికీలూ మూసేసినట్టు. అత్తయ్య నా కంచంలో పెరుగు మీగడ వేసేది. పక్కింటావిడ కూతురి చదువు గురించి నా సలహా అడిగేది. ఒక్కొక్కరు మంచిగా మాట్లాడేకొద్దీ నాకు ఊపిరాడేది కాదు. మజ్జిగ అందుకుంటూ చూస్తే అక్క అరచేతుల్లో గీతలు కూడా తెల్లగా కనిపించేవి. వంటింట్లోంచి వరండాకి నాలుగు మెట్లు. అక్క రెండో మెట్టు మీద ఆగి గోడ పట్టుకునేది.

పిరికివాళ్లకి ఉపాయాలు ఎక్కువ. మందుల కొట్టుకెళ్లి వేరే రకం మాత్రలు, వాంతి రానివి, కొన్నాను. భోజనమయ్యాక అక్క చేతిలో పెట్టాను. ఇవి కూడా వేసుకుంటే మంచిదంట అన్నాను, ఎవరో అన్నట్టు. అక్క చూసి, నవ్వి, నా చేతిలోనే తిరిగి పెట్టేసింది.

“నీ గింజలుండగా ఈ మాత్రలెందుకే?”

అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అత్తయ్య గిన్నెతో వస్తూ, సాయంత్రంది ఇంకా తినలేదేంటమ్మా అని అక్క ముందు ఉడికించిన గింజలు పెట్టింది. అక్క ఒక్కొక్కటే నమిలి మింగింది. కడుపులో బిడ్డ కోసం అంత శ్రద్ధగా తిన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నేను మాత్రలు తీసుకెళ్లి నా పెట్టెలో దాచుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున అక్క పొయ్యి దగ్గర కూలబడింది. పూర్తిగా స్పృహ పోలేదు గానీ లేవలేకపోయింది. బావగారు బండి తేవడానికి పరిగెత్తాడు. ఆసుపత్రికి నేనూ అత్తయ్యా పట్టుకెళ్లాం. అత్తయ్య ఆ హడావిడిలో కూడా సంచిలో ఒక డబ్బా గింజలు పెట్టుకుంది, నర్సమ్మకివ్వడానికి.

నర్సమ్మ గది చిన్నది. ఒక బల్ల, ఒక మంచం, తెర. అక్కని పడుకోబెట్టి కింది కనురెప్ప కిందికి లాగి చూసింది. వేలికి గుచ్చి చుక్క రక్తం తీసి చిన్న మెషీన్‌కి పెట్టింది. నాకు మెషీన్లు అలవాటే. అది అంకె చూపించేవరకూ మాత్రం దాని వైపు చూడలేకపోయాను.

“ఆరు పాయింట్ నాలుగు” అంది నర్సమ్మ. “క్రితంసారి తొమ్మిదుంది. మాత్రలు వేసుకుంటోందా?”

అత్తయ్య ముందుకొచ్చింది. మాత్రల అవసరం లేదమ్మా, మా గింజల్లో ఇనుము తొంభై ఆరు, మా చిన్నకోడలే పరీక్ష చేసింది, పెద్ద ఆఫీసుకి కూడా రాశారు, అని గడగడా చెప్పి సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నర్సమ్మ నా వైపు తిరిగింది. అక్క కూడా మంచం మీంచి మెడ తిప్పి చూసింది. నువ్వే చెప్పవే అన్నట్టు.

“కడగలేదండి” అన్నాను.

“ఏంటి?”

“గింజలు. మట్టి పూసిన గింజలు కడగకుండా పిండి పట్టాను. ఆ ఇనుము మట్టిది. కడిగి మళ్లీ చేశాను. నలభై మూడే.”

నా భుజాన ఉన్న టిఫిన్ సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మడతలు నలిగి, పెరుగు మరక అంటి ఉంది.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క వైపు వంగి, మట్టి తినాలనిపిస్తోందా అమ్మా, అని మెల్లగా అడిగింది. అక్క మొహం తిప్పుకుంది. రక్తం పడిపోయినవాళ్లకి అలా మనసు లాగుతుంది, సిగ్గుపడాల్సింది లేదు, కానీ ఆ మట్టిలో ఇనుము ఒంటికి పట్టదు, పైగా తిన్న తిండిలోది కూడా పట్టనివ్వదు, అంది. మంచి గింజలే తినండి, మాత్రలతో పాటు తినండి, అని కాగితం మీద ఏదో గబగబా రాసి డాక్టర్ దగ్గరికి వెళ్లింది.

అక్క చేయి చాచి నా కాగితం తీసుకుని, దాని మీద తేదీ చదువుతోంది. చదువుకున్నది అయిదో తరగతే గానీ తేదీలు బాగా తెలుసు. నెలల లెక్క పెట్టుకునే మనిషి కదా.

“పదకొండు రోజులైందే” అంది. “నీకు తెలిసి పదకొండు రోజులు.”

అంతే. నాతో అక్క మాట్లాడిన ఆఖరి మాట చాలాకాలం అదే.

అత్తయ్య బల్ల మీంచి డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. మూత సరిగా పడలేదు. రెండు మూడుసార్లు నొక్కింది.

అక్కకి ఒక సీసా రక్తం ఎక్కించారు. తర్వాత వారానికోసారి ఇనుము సూది. బిడ్డ నిలిచింది, కానీ బరువు తక్కువ, కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. బావగారు ప్రతి సూదికీ తనే తీసుకెళ్లేవాడు. నేను వస్తానంటే బండి మీద చోటు లేదనేవాడు. మా ఆయన ఆ వారం వచ్చి సంగతంతా విని, ముందు నాకైనా చెప్పాల్సింది కదా అన్నాడు. ఆ రోజు అన్నం దగ్గర ఆయన కునుకు తీయలేదు.

సార్ చేతికి కాగితం ఇచ్చినప్పుడు నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన చదివి, గోడ దగ్గరికెళ్లి, ఉత్తరం నకలు చింపకుండా జాగ్రత్తగా ఊడదీశాడు. “కడిగావా అని నేనూ అడగలేదమ్మా” అన్నాడు. “సున్నపు నేల అని తెలిసీ అడగలేదు.” తర్వాత నన్ను మెషీన్ దగ్గర్నుంచి తీసేసి కడిగే పనిలో వేశాడు. ఆ వేసవిలో మా చుట్టుపక్కల పండిన ప్రతి గింజనీ నేనే కడిగాను. చేతులు పగిలిపోయాయి. ఒక్కటి కూడా నాలుగు నీళ్లకి తక్కువ కడగలేదు.

ఇరవై రెండు ఇళ్లకీ సార్‌తో పాటు వెళ్లి చెప్పొచ్చాను. ఆయన వద్దన్నా వెళ్లాను. కొందరు తిట్టారు. ఒక ముసలాయన, నేను పుట్టినప్పట్నుంచి అది సున్నపు నేలే కదమ్మా, నన్నడిగితే చెప్పేవాడిని, అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు తిట్ల కన్నా ఎక్కువ కాల్చింది. ఇంటికొస్తే అత్తయ్య పలకరించేది కాదు. కంచంలో మీగడ కూడా మానేసింది. నేను లెక్క కట్టిన క్యాలెండర్ కాగితం మాత్రం పొయ్యి పైన అలాగే ఉంది. దాన్ని తీసే ధైర్యం నాకు లేదు, తీసే ఉద్దేశం అక్కకి లేదు.

పంట కోశాం. నీళ్లు చాలక గింజ చిన్నదైంది, తోలు గట్టిపడింది. కుండలో వేస్తే మూడు గంటలకి గానీ మెత్తబడలేదు. కాయలు కొట్టిన మూడో రోజున అత్తయ్య తనంతట తనే ల్యాబ్‌కి వచ్చింది. చెప్పులు బయట విడిచి, చేతిలో డబ్బాతో గుమ్మంలో నిలబడింది. ఇంకా మట్టి పూయని కొత్త గింజలు. లోపలికొచ్చి, నన్ను పక్కకి జరగమని చేత్తో చెప్పి, పళ్లెం ముందు నిలబడి తనే కడిగింది. ఒక నీళ్లు, రెండు, మూడు. నీళ్లు ఎంత తేటగా ఉన్నా మళ్లీ పోయమంది. ఏడోసారికి ఆపింది.

మెషీన్ మీద ఇప్పుడు సారే కూర్చుంటున్నాడు. రెండు రోజుల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చి అదే గుమ్మంలో నిలబడింది.

“ముప్పై తొమ్మిదండీ” అన్నాను. సున్నం, పైగా నీళ్లెద్దడి. వేరు ఎండిపోతే పైకి ఏం పంపుతుంది?

ఆవిడ లోపలికొచ్చి, నా ముందున్న రిజిస్టర్ మీద వేలు పెట్టింది.

“రాయి” అంది. “మా ఇంటి పేరు మీదే రాయి.”

ఆ ఆదివారం సామాను గది తలుపు తీసి నన్ను పిలిచింది. ఆరేళ్లలో మొదటిసారి. నేల మీద గోనెపట్టా, దాని మీద కొత్త గింజల రాశి, పక్కన తొట్టిలో ఎర్రమట్టి. జల్లించిన మట్టి, పిండిలా ఉంది. అంకె ఎంతైనా పురుగు మానదు కదా, విత్తనం దాచక తప్పదు అంది. నన్ను కూర్చోమంది. మట్టిలో ఎన్ని నీళ్లు పోయాలో, గింజగింజకీ మట్టి పట్టేలా ఎలా కలపాలో, ఎంతసేపు నీడన ఆరబెట్టాలో చెప్పింది. విసుక్కుంటూనే చెప్పింది. నేను మోచేతుల దాకా చేతులు మట్టిలో పెట్టి కలుపుతున్నాను. గదంతా తొలివాన వాసన.

గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే అక్క. ఏడో నెల నడుస్తోంది. పెదవులకి రంగు వచ్చింది. మెట్లు ఎక్కి వచ్చినా రొప్పు లేదు. కానీ ఆవిడ చూపు నా మీద లేదు, తడి గింజల మీద ఉంది.

నా చేతులు ఆగిపోయాయి. అత్తయ్య కూడా కదల్లేదు.

అక్క మెల్లగా ఒక చేయి గోడకి ఆనించి వంగింది. ఒక గింజ తీసుకుంది. మట్టి ఇంకా చెమ్మగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. దేవుడా, నోట్లో పెట్టుకోకూడదు, అనుకున్నాను.

అక్క ఆ గింజని తిరిగి రాశిలో వేసేసింది. వేళ్లు కొంగుకి తుడుచుకుంది.

“ఒట్టి మట్టి వాసన” అంది, ఎవరితోనూ కానట్టు.

ఆ తర్వాత నా వైపు చూసింది. నెలా పది రోజుల తర్వాత.

“ఏంటే ఆ అవతారం? మొహానికి కూడా పూసుకున్నావు. పోయి కడుక్కో, అన్నం పెడతాను.”

నేను లేచి పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్లాను. నీళ్లు సన్నగా వస్తున్నాయి. మట్టి వదిలి చాలాసేపయ్యాక కూడా మొహం కడుక్కుంటూనే ఉన్నాను.